రక్తంలో కాల్షియం నార్మల్, ఎముకల్లో లోటు: హార్మోన్ల లెక్క ఎలా నడుస్తుంది

హైదరాబాద్‌లో ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లో హెల్త్ చెకప్ ప్యాకేజీ తీసుకున్నా అందులో కాల్షియం, విటమిన్ డి దాదాపుగా ఉంటున్నాయి. రిపోర్ట్ చేతికొచ్చాక చిక్కు మొదలవుతుంది. కాల్షియం 9.3, అంటే నార్మల్. కింది వరుసలో విటమిన్ డి 11, అంటే బాగా తక్కువ. నడుము, తొడల నొప్పులతో ఉన్న మనిషికి ఒక అంకె ధైర్యం చెబుతుంది, ఇంకో అంకె భయపెడుతుంది. మరొకరికి కాల్షియం 11.2 వస్తుంది. ‘ఎక్కువుంటే ఎముకలకు మంచిదేగా’ అని ఆ కాగితం బీరువాలోకి వెళ్లిపోతుంది. రెండు చోట్లా జరిగిన పొరపాటు ఒకటే. రక్తంలో కాల్షియం అంకెను శరీరంలో కాల్షియం నిల్వగా చదివారు.

క్లుప్తంగా: రక్తంలో కాల్షియం ఎప్పుడూ ఒక ఇరుకైన హద్దులో ఉండేలా హార్మోన్లు కాపలా కాస్తాయి. తిండిలో తక్కువైతే ఎముక నుంచి తీసి మరీ ఆ హద్దును నిలబెడతాయి. కాబట్టి అంకె నార్మల్‌గా ఉండటం ఎముక గట్టితనానికి రుజువు కాదు. అంకె హద్దు దాటిందంటే తిండిలో తేడా కన్నా కాపలా వ్యవస్థలో తేడా ఉండే అవకాశమే ఎక్కువ. పీటీహెచ్ (కాల్షియానికి కాపలా కాసే ముఖ్య హార్మోన్), ఫాస్ఫరస్, విటమిన్ డి, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పక్కన పెట్టుకుని చూస్తే తప్ప కాల్షియం అంకెకు అర్థం తెలియదు.

వెయ్యిలో ఒక వంతు

పెద్దవాళ్ల శరీరంలో కాల్షియం కిలోకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఫాస్ఫేట్‌తో కలిసి స్ఫటికాలుగా బిగిసి ఉంటుంది. కణాల బయట, రక్తంతో కలిపి తిరిగే ద్రవాలన్నిటిలో ఉన్నది సుమారు ఒక గ్రాము మాత్రమే. రక్తపరీక్ష చూసేది ఈ గ్రామునే. ఎముకలో ఎంతుందో తెలియాలంటే డెక్సా స్కాన్ వంటి వేరే పరీక్ష కావాలి.

ఆ గ్రాముకు ఇంత కాపలా ఎందుకంటే నరాల సంకేతాలు, కండరాల కదలిక, గుండె కొట్టుకోవడం, రక్తం గడ్డకట్టడం అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. రక్తంలో కాల్షియం మామూలు హద్దు డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. ల్యాబ్‌ను బట్టి కొద్దిగా మారుతుంది. ఈ మొత్తంలో దాదాపు 40 శాతం అల్బుమిన్ వంటి ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది, మరో 10 శాతం సిట్రేట్, ఫాస్ఫేట్ లాంటి వాటితో జతకట్టి ఉంటుంది. మిగిలిన సగమే స్వేచ్ఛగా తిరిగే అయాన్ కాల్షియం. నరాలు, కండరాలు పట్టించుకునేది ఈ సగాన్నే.

ప్యాకేజీల్లో కొలిచేది మొత్తం కాల్షియం కాబట్టి ఇక్కడ ఒక మోసం ఉంది. లివర్ జబ్బు వల్లో, చాలాకాలం మంచాన పడటం వల్లో అల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం కూడా తగ్గినట్టు కనిపిస్తుంది, అయాన్ భాగం మాత్రం బాగానే ఉంటుంది. దీనికి వాడే ఉజ్జాయింపు లెక్క ఇది: అల్బుమిన్ 4 గ్రాముల కన్నా తగ్గిన ప్రతి గ్రాముకు కాల్షియానికి 0.8 కలపాలి. అల్బుమిన్ 2.5, కాల్షియం 8.0 అయితే ఒకటిన్నరను 0.8తో గుణించి 1.2 కలపాలి. అసలు విలువ 9.2. అంటే లోటు లేదు. తీవ్రంగా జబ్బుపడినవారిలో ఈ లెక్కను నమ్మడం కన్నా అయాన్ కాల్షియాన్ని నేరుగా కొలవడం మేలు.

దీనికి తిరగబడిన పరిస్థితీ ఉంది. భయంతో, ఆందోళనతో వేగంగా ఊపిరి తీసేవారి రక్తంలో ఆమ్లగుణం తగ్గి కాల్షియం అల్బుమిన్‌కు ఎక్కువగా అతుక్కుంటుంది. మొత్తం అంకె కదలదు, అయాన్ భాగం పడిపోతుంది. మూతి చుట్టూ, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం అందుకే.

పీటీహెచ్: నిమిషాల్లో పనిచేసే కాపలాదారు

మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజకు కాస్త పెద్దది, బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. పేరు కలిసినా థైరాయిడ్ పనికీ వీటి పనికీ సంబంధం లేదు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే ఇవీ బాగున్నట్టే అనుకోవడం సరికాదు.

ఈ గ్రంథుల కణాల పైపొర మీద కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకం ఉంటుంది. దాని జన్యువును 1993లో గుర్తించారు. రక్తంలో అయాన్ కాల్షియం కొద్దిగా తగ్గినా గ్రాహకం మీద పట్టు సడలి, 84 అమైనో ఆమ్లాల పారాథైరాయిడ్ హార్మోన్, అంటే పీటీహెచ్, క్షణాల్లో రక్తంలోకి వస్తుంది. కాల్షియం పెరిగితే విడుదల ఆగిపోతుంది. రక్తంలోకి వచ్చిన పీటీహెచ్ రెండు నుంచి నాలుగు నిమిషాల్లో సగమైపోతుంది. అంత త్వరగా కరిగిపోతుంది కాబట్టే అదుపు అంత సూక్ష్మంగా సాగుతుంది. చెడిన గ్రంథిని తీసేసే ఆపరేషన్‌లో కొన్ని నిమిషాల తేడాతో పీటీహెచ్ కొలిచి, సరైన గ్రంథినే తీశామా లేదా అని టేబుల్ మీదే తేల్చుకోగలగడానికీ ఇదే కారణం.

పీటీహెచ్ పని మూడు చోట్ల సాగుతుంది. కిడ్నీల్లో వడపోతకు రోజుకు సుమారు 10 గ్రాముల కాల్షియం వస్తుంది. అందులో 98 శాతం వెనక్కి రక్తంలోకే వెళ్తుంది. చివరి గొట్టాల దగ్గర ఇంకెంత మిగల్చాలో పీటీహెచ్ నిర్ణయిస్తుంది. ఇది త్వరగా జరిగే పని. కిడ్నీలోనే అది విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమ్‌నూ లేపుతుంది, దాని ఫలితం పేగుల్లో కనిపించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇక మూడోది ఎముక. ఎముకను కరిగించే కణాలతో పీటీహెచ్ నేరుగా మాట్లాడదు. ఎముకను కట్టే కణాలకు కబురు పెడితే, అవి కరిగించే కణాలను పనిలోకి దింపుతాయి. ఆడవారిలో ఈస్ట్రోజెన్ ఈ కరిగించే పనికి కళ్లెం వేస్తుంది. నెలసరి ఆగిపోయాక ఎముక వేగంగా పలచబడేది ఆ కళ్లెం వదులైనందుకే.

ఎముక కరిగితే కాల్షియం ఒక్కటే రాదు, ఫాస్ఫేట్ కూడా వస్తుంది. రెండూ రక్తంలో పెరిగితే ఒకదాన్నొకటి పట్టుకుని మెత్తటి కణజాలంలో పేరుకుంటాయి. అందుకే పీటీహెచ్ అదే సమయంలో ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి తోసేస్తుంది. పీటీహెచ్ ఎక్కువగా పనిచేస్తున్న చోట, కిడ్నీలు బాగుంటే, ఫాస్ఫరస్ తక్కువగా కనిపించేది ఈ ఏర్పాటు వల్లే. ప్యాకేజీల్లో తరచూ వదిలేసే ఈ ఫాస్ఫరస్ పరీక్షకు మన తెలుగువాడితో అనుబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన రంగు పద్ధతి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది. అంత విలువైన సమాచారం ఇచ్చే చవకైన పరీక్షను పక్కనపెట్టడం సరైన పని కాదు.

విటమిన్ డి: నెమ్మదిగా కదిలే చెయ్యి

పేరుకు విటమినే అయినా నడవడిక హార్మోన్‌ది. ఎండలోని యూవీబీ కిరణాలు తగిలినప్పుడు చర్మం దీన్ని తయారుచేస్తుంది. లివర్ దాన్ని 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుస్తుంది. ఇది నిల్వ రూపం, రెండు మూడు వారాలకు గాని సగం కాదు. రిపోర్ట్‌లో కనిపించే అంకె దీనిదే. కిడ్నీ దీనికి మరో మెట్టు జోడించి కాల్సిట్రియాల్ అనే చురుకైన హార్మోన్‌ను చేస్తుంది. పేగు గోడలో కాల్షియం లోపలికి రావడానికి దారులు తెరిచేది కాల్సిట్రియాలే. అది సరిపడా ఉంటే తిన్న కాల్షియంలో 30 నుంచి 40 శాతం ఒంటికి పడుతుంది, లేకపోతే 10 నుంచి 15 శాతమే. రెండు గ్లాసుల పాలు తాగినా ఒకరికి పట్టి మరొకరికి పట్టకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

హైదరాబాద్‌లో ఎండకు కొదవ లేదు, అయినా లోటు ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఇక్కడ ఒక నమ్మకాన్ని సవరించాలి. పొద్దున్నే వచ్చే లేత ఎండలో హాయి ఉంది గాని యూవీబీ చాలా తక్కువ. కిరణాలు ఏటవాలుగా దట్టమైన గాలి పొరను దాటేసరికి ఆ భాగం మధ్యలోనే ఆగిపోతుంది. మనిషి నీడ మనిషి ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడే చర్మం విటమిన్ డిని చెప్పుకోదగ్గంత చేయగలదు. హైదరాబాద్ అక్షాంశంలో ఆ సమయం డిసెంబర్‌లో సుమారు 11 నుంచి ఒకటిన్నర వరకే ఉంటుంది, మే నెలలోనైతే ఉదయం 9 దాటగానే మొదలవుతుంది. అంటే వేసవిలో వడదెబ్బ వేళ దాకా ఆగక్కర్లేదు. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది కాబట్టి హైటెక్ సిటీ అద్దాల ఆఫీసుల్లో మీద పడే వెలుతురు, కారు అద్దంలోంచి వచ్చే ఎండ ఈ లెక్కలోకి రావు. ముదురు రంగు చర్మానికి ఎక్కువ సేపు కావాలి. దుమ్ము, పొగ కూడా కిరణాలను తగ్గిస్తాయి.

పాఠ్యపుస్తకాల్లో పీటీహెచ్‌కు సమానంగా కనిపించే కాల్సిటోనిన్‌కు పెద్దవారిలో అంత బరువు లేదు. థైరాయిడ్‌లోని సి కణాలు చేసే ఈ హార్మోన్ కాల్షియాన్ని తగ్గిస్తుందన్నది నిజమే. అయితే థైరాయిడ్ మొత్తం తీసేసి కాల్సిటోనిన్ లేనివారిలో, పారాథైరాయిడ్‌లు బాగుంటే, కాల్షియం పెరగదు. కాల్సిటోనిన్‌ను విపరీతంగా చేసే మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్‌లో కాల్షియం తగ్గదు. ఎముక కణాల నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోన్ దీనికన్నా ముఖ్యమైనది. అది ఫాస్ఫేట్‌ను బయటికి పంపి, కాల్సిట్రియాల్‌ను తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బు మొదలైనవారిలో ముందుగా పెరిగే వాటిలో ఇదొకటి.

పళ్లెంలో తగ్గితే ఎముక నుంచి తీస్తారు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం సిఫార్సు చేసింది. 2010 నాటి సిఫార్సు 600. పాలిచ్చే తల్లులకు, నెలసరి ఆగిన స్త్రీలకు 1,200. ఇదే సంస్థ ఆహార పట్టికలను బట్టి 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఉన్న కాల్షియం 10 మిల్లీగ్రాములు కూడా లేదు. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకు తిన్నా 25 దాటదు. అదే 100 గ్రాముల రాగుల్లో 360 దాకా, మునగాకులో, తోటకూరలో 300కు పైగా, నువ్వుల్లో 1,200కు పైగా ఉంటుంది. 200 మిల్లీలీటర్ల పాలతో సుమారు 240 వస్తుంది. పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

అన్నం, పప్పుచారు, పచ్చడితో రోజు గడిచి, మజ్జిగ కూడా పలచనైన ఇంట్లో కాల్షియం 300, 400 దగ్గరే ఆగిపోతుంది. విటమిన్ డి కూడా తక్కువైతే అందులో ఒంటికి పట్టేది 50 మిల్లీగ్రాములు ఉండొచ్చు. చెమట, మూత్రం, పేగు రసాల ద్వారా పోయేది మాత్రం అంతకన్నా ఎక్కువ. అయాన్ కాల్షియం దిగజారబోతుంది, పీటీహెచ్ పెరుగుతుంది, ఎముక కరుగుతుంది, రక్తంలో అంకె మళ్లీ 9.3కు వస్తుంది. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. కాల్షియం 9.3, విటమిన్ డి 11 ఉన్న రిపోర్ట్‌లో పీటీహెచ్ కూడా చూసి ఉంటే, తరచుగా మామూలు హద్దు పైన కనిపిస్తుంది. ఎముక మీద ఎంత భారం పడుతోందో చెప్పేది ఆ మూడో అంకే. దీన్ని సెకండరీ హైపర్‌పారాథైరాయిడిజం అంటారు. గ్రంథి జబ్బుపడలేదు, గత్యంతరం లేక ఎక్కువ పనిచేస్తోంది.

నల్లగొండ ఫ్లోరోసిస్‌లో ఈ లెక్క ఇంకా కఠినంగా మారింది. తాగునీటి ఫ్లోరైడ్ ఎముక స్ఫటికంలో చేరితే అది సులువుగా కరగదు. కాల్షియం కావలసినప్పుడు ఎముక ఇవ్వదు, పీటీహెచ్ మరింత పెరగాల్సి వస్తుంది. తిండిలో కాల్షియం తక్కువున్న పిల్లల్లో నష్టం ఎక్కువ, ఎందుకంటే పేగుల్లో ఫ్లోరైడ్‌ను కొంతవరకు పట్టి బయటికి పంపేది తిన్న కాల్షియమే. మోకాళ్లు లోపలికి వంగిపోయిన ఆ ప్రాంతపు పిల్లల గురించి పోషకాహార సంస్థ పరిశోధకులు 1970లలోనే రాశారు.

కాల్షియం, పీటీహెచ్ జంటగా చదవాలి

కాల్షియం ఎక్కువుండి పీటీహెచ్ కూడా ఎక్కువుంటే, నాలుగు గ్రంథుల్లో ఏదో ఒకటి గడ్డకట్టి అదుపు తప్పిందని మొదట అనుమానించాలి. ఈ ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజంలో 80 శాతానికి పైగా ఒకే గ్రంథిలో, క్యాన్సర్ కాని గడ్డ ఉంటుంది. దీన్ని జారవిడిచేది ఎక్కువగా ఒక చిన్న పొరపాటు వల్ల. కాల్షియం 11.2 ఉండగా పీటీహెచ్ 50 వస్తుంది. ల్యాబ్ హద్దు 15 నుంచి 65 కాబట్టి ‘నార్మల్’ అని ముద్ర పడుతుంది. కాల్షియం అంత ఉన్నప్పుడు ఆరోగ్యమైన గ్రంథి పీటీహెచ్‌ను అడుగుకు దించేయాలి. దించలేదంటే 50 కూడా ఎక్కువే. ఆపరేషన్‌కు ముందు 24 గంటల మూత్రంలో కాల్షియం చూస్తారు. కుటుంబాల్లో వచ్చే ఒక హానిలేని గ్రాహక లోపంలో కూడా ఇవే అంకెలు కనిపిస్తాయి. వాళ్లలో మూత్రపు కాల్షియం చాలా తక్కువుంటుంది, ఆపరేషన్ అనవసరం.

కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవారికి ఈ జంట పరీక్ష ఒక్కసారైనా చేయించాలి. రాళ్లున్నాయని పాలు, పెరుగు మానేయడం చాలామంది చేసే పని, తరచూ అది ఎదురు తిరుగుతుంది. భోజనంలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టేస్తుంది. అది లేకపోతే ఆక్సలేట్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వెళ్లి రాళ్లు కడుతుంది.

కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ అణగారి ఉంటే తప్పు గ్రంథిది కాదు. విటమిన్ డి మోతాదు మించి ఉండొచ్చు. కొన్ని క్యాన్సర్లు పీటీహెచ్‌ను పోలిన ప్రొటీన్‌ను చేస్తుండొచ్చు. క్షయ, సార్కాయిడోసిస్ వంటి వాటిలో గడ్డల కణాలు కిడ్నీ అనుమతి లేకుండా కాల్సిట్రియాల్‌ను తయారుచేస్తాయి. కాల్షియం బాగా పెరిగితే కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు. దాంతో దాహం, పదేపదే మూత్రం, ఒంట్లో నీరు తగ్గడం, నీరు తగ్గేకొద్దీ కాల్షియం ఇంకా పెరగడం జరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ చక్రం వేగంగా తిరుగుతుంది. మలబద్ధకం, వాంతులు, మగత తోడై అంకె 14 దాటితే అది అత్యవసరం, సెలైన్ ఎక్కించాల్సిందే.

కాల్షియం తక్కువ, పీటీహెచ్ కూడా తక్కువగా ఉండే స్థితి ఎక్కువగా థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత వస్తుంది. గ్రంథులు గానీ వాటికి రక్తం తెచ్చే సన్నని నాళాలు గానీ దెబ్బతింటే రెండో మూడో రోజుకల్లా కాల్షియం దిగుతుంది. ఇంటికి పంపాక మూతి చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు కొంకర్లు పోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లను ఈసీజీ చూస్తూ పది నిమిషాల్లో నెమ్మదిగా ఇస్తారు. అందులో ఉండే అసలు కాల్షియం 93 మిల్లీగ్రాములే కాబట్టి తర్వాత డ్రిప్, మాత్రలు కొనసాగుతాయి. వీరికి మామూలు విటమిన్ డితో పాటు కాల్సిట్రియాల్ ఎందుకో ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. పీటీహెచ్ లేకుండా కిడ్నీ ఆ చివరి మెట్టు ఎక్కించలేదు. పీటీహెచ్ లేనందువల్లే కిడ్నీ కాల్షియాన్ని పట్టి ఉంచదు కూడా. అంకెను మధ్యస్థాయికి తేవాలని మాత్రలు పెంచితే మూత్రంలో కాల్షియం పెరిగి రాళ్లు పడతాయి. అందుకని హద్దు కింది అంచున, కొద్దిగా తక్కువగానే ఉంచుతారు.

ఎంత కాల్షియం ఇచ్చినా అంకె నిలవకపోతే మెగ్నీషియం చూడాలి. అది బాగా తగ్గితే పీటీహెచ్ విడుదలా కాదు, సరిగా పనిచేయదు. ఏళ్లపాటు వాడే ఎసిడిటీ మాత్రలు, మద్యం, వదలని విరేచనాలు దీనికి మామూలు కారణాలు. మెగ్నీషియం సరిచేయనిదే కాల్షియం దారికి రాదు.

పీటీహెచ్ ఎక్కువుండి కాల్షియం మామూలుగానో తక్కువగానో ఉన్నప్పుడు విటమిన్ డి లోటా, కిడ్నీ జబ్బా అన్నది క్రియాటినిన్‌తో పాటు ఫాస్ఫరస్ తేలుస్తుంది. మొదటిదాంట్లో ఫాస్ఫరస్ తగ్గుతుంది, ముదిరిన కిడ్నీ జబ్బులో పెరుగుతుంది.

సాషే, మాత్ర, రక్తం తీసే పద్ధతి

60,000 యూనిట్ల విటమిన్ డి సాషే వారానికి ఒకటి, సాధారణంగా 8 వారాలు రాస్తారు. తర్వాత డాక్టరు చెబితే నెలకొకటి. దాన్ని రోజుకొకటిగా తాగడం, కోర్సు అయిపోయాక కూడా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటూ ఉండటం, మధ్యలో 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వేయించుకోవడం ప్రమాదం. ఇది కొవ్వులో నిల్వ ఉంటుంది. 25-హైడ్రాక్సీ విటమిన్ డి 150 నానోగ్రాములు దాటి కాల్షియం పెరిగితే, సాషే ఆపాక కూడా తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది.

కాల్షియం మాత్ర డబ్బా మీద 1,250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అసలు కాల్షియం 500. సిట్రేట్ అయితే బరువులో 21 శాతమే. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, కాబట్టి అన్నంతో పాటు వేసుకోవాలి. ఎసిడిటీ మాత్రలు వాడేవారికి సిట్రేట్ నయం. ఒకేసారి 500 మించితే పట్టే శాతం తగ్గుతుంది, రెండు పూటలుగా విడదీయాలి. పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు.

కాల్షియం మొదటిసారి 10.8 లాంటి అంకె వస్తే రెండోసారి చూడకుండా భయపడనక్కర్లేదు. చేతికి పట్టీ చాలాసేపు బిగించి ఉంచి, పిడికిలి గట్టిగా మూయించి రక్తం తీస్తే ప్రొటీన్లతో పాటు మొత్తం కాల్షియం కొద్దిగా పెరిగి కనిపిస్తుంది. రెండోసారి పట్టీ త్వరగా వదిలేసి తీయమని చెప్పాలి. అల్బుమిన్, ఫాస్ఫరస్, పీటీహెచ్ అదే సూదితో వెళ్లాలి. ఈ రోజు కాల్షియాన్ని వచ్చే వారం పీటీహెచ్‌తో జత కలిపితే అర్థం మారిపోతుంది. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు చాలా ల్యాబ్‌ల పద్ధతిలో పీటీహెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. వాటిని రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ సంగతి రక్తం తీసేవారికి చెప్పాలి.